కార్బన్ సర్టిఫికెట్ పేరుతో డబ్బు కట్టకండి: బండల ఫ్యాక్టరీల వాళ్లకు కొన్ని వాస్తవాలు

ఎనర్జీ ఆడిటర్‌గా నేను ఎక్కువగా తిరిగేది ఎర్రగుంట్ల, తాడిపత్రి, బేతంచెర్ల వైపు. ఈ మధ్య ఏ పాలిష్ యూనిట్‌కు వెళ్లినా మోటార్ల సంగతి, పవర్ ఫ్యాక్టర్ సంగతి తర్వాత. ముందు ఒకటే ప్రశ్న: "సార్, కార్బన్ రిజిస్ట్రేషన్ చేయించకుంటే కరెంటు పీకేస్తారంట, నిజమేనా?"

కాదు. పాలిష్ యూనిట్‌కు, సున్నపు బట్టీకి, రైస్ మిల్లుకు అలాంటి రిజిస్ట్రేషన్ పెట్టమని ఏ చట్టమూ చెప్పలేదు. చెప్పేది ఏజెంట్లు.

అసలు సంగతి ఇది. 2022లో ఇంధన పొదుపు చట్టాన్ని సవరించారు. దాని కింద 2023 జూన్‌లో కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకం వచ్చింది. పెద్ద ఎత్తున ఇంధనం వాడే తొమ్మిది రంగాలను ఎంచుకున్నారు. 2025 అక్టోబర్‌లో సిమెంటు, అల్యూమినియం, క్లోర్ ఆల్కలీ, కాగితం రంగాల్లోని 282 ప్లాంట్లకు, టన్ను సరుకుకు వదిలే కార్బన్ గ్యాస్ తగ్గించాలని మొదట లక్ష్యాలు పెట్టారు. అందులో 186 సిమెంటువే. ఏ ప్లాంటుకు ఎంత అన్నది పేరుతో సహా గెజిట్‌లో అచ్చయింది. గెజిట్ చూడటానికి ఎవరికీ పైసా ఇవ్వక్కర్లేదు. అందులో మీ పేరు లేదంటే మీకు ఈ పథకం కింద కట్టాల్సిందీ, చేయాల్సిందీ ఏమీ లేదు. బొగ్గు కాల్చి కరెంటు తీసే ఆర్టీపీపీ (రాయలసీమ థర్మల్ కేంద్రం) కూడా ఆ తొమ్మిది రంగాల్లో లేదు. నాలుగు పాలిషింగ్ మిషన్లు, ఒక బోరు ఉన్న మీ షెడ్డును ఎవరు వెతుక్కుంటూ వస్తారు?

జమ్మలమడుగు వైపు ఒక యూనిట్‌లో ఓనరు సొరుగులోంచి లామినేషన్ చేసిన కాగితం తీసి చూపించాడు. పచ్చటి ఆకు బొమ్మ, గుండ్రటి ముద్ర, కింద ఎవరిదో అర్థంకాని సంతకం. ఏ చట్టం, ఏ సెక్షన్ అన్న ముక్క ఎక్కడా లేదు. నెల కరెంటు బిల్లంత కట్టి తెచ్చుకున్నాడు. సరేలే అని, "అన్నా, సీఎఫ్ఓ ఏదీ?" అని అడిగాను. సీఎఫ్ఓ అంటే యూనిట్ నడపడానికి కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే అనుమతి. గడువు ఎప్పుడో దాటిపోయింది. "కార్బన్ ఉంటే అది అక్కర్లేదన్నాడు సార్ ఆ ఏజెంటు పిల్లోడు" అన్నాడు. నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు, కానీ ఆయన మీద కాదు. నాయన పోయాక షెడ్డు నెత్తిన పడింది, బ్యాంకు లోను ఉంది, వారం వారం కూలీలకు ఇవ్వాలి. మూయిస్తారు అన్న మాట చెవిన పడితే ఎవరైనా టెన్షన్ పడతారు. ఆ టెన్షన్‌నే ఈ ఏజెంట్లు అమ్ముకుంటున్నారు.

ఇక్కడే అసలు నష్టం. లేని కాగితానికి డబ్బు పోతుంది, ఉండాల్సిన కాగితం లేకుండా పోతుంది. సీఎఫ్ఓ గాలి, నీటి కాలుష్య చట్టాల కింద వచ్చేది. మీ బండల పొడి, స్లర్రీ గుంత దాని పరిధిలోకి వస్తాయి. సీఎఫ్ఓ లేకపోతే నోటీసు రావచ్చు, షెడ్డు మూతపడొచ్చు. కాబట్టి ఈ రోజే ఫైలు తీసి గడువు తేదీ చూసుకోండి. కార్బన్ పేరుతో ఎవరైనా వస్తే గెజిట్‌లో మీ యూనిట్ పేరు చూపించమనండి. చూపించలేడు.

అపోహ: లక్ష్యం పెట్టారంటే సిమెంటు ఫ్యాక్టరీలు మూసేస్తారు, పనులు పోతాయి.

ఇది లారీ డ్రైవర్లు, లోడింగ్ వాళ్లు అడిగేది. పెట్టింది ఉత్పత్తి మీద పరిమితి కాదు. టన్ను సిమెంటుకు ఎంత గ్యాస్ వదిలారన్నదే లెక్క. లారీ ఎన్ని కిలోమీటర్లు తిరిగినా ఫరవాలేదు, మైలేజీ పెంచమన్నట్టు. 2023-24 లెక్కతో పోల్చి చూస్తారు. లక్ష్యం కంటే తగ్గిస్తే సర్టిఫికెట్లు వస్తాయి, అమ్ముకోవచ్చు. ఒక్కోటి ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. తగ్గించలేకపోతే కొనాలి. కొనకపోతే సగటు ధరకు రెండింతలు పరిహారం కట్టాలి. యాజమాన్యానికి ఖర్చే, కాదనను. అంతమాత్రాన గేటుకు తాళం పడదు.

అయితే సిమెంటుకు ఇది తేలిక కాదని కూడా చెప్పాలి. స్వచ్ఛమైన సున్నపురాయి టన్ను కాలిస్తే 440 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఆ రాయిలోంచే వస్తుంది. బొగ్గు బదులు ఇంకేం వాడినా ఆ వాటా ఆగదు. అందుకే క్లింకర్ (సున్నపురాయి కాల్చగా వచ్చే గడ్డలు) తగ్గించి ఫ్లైయాష్ (బొగ్గు బూడిద) కలిపే పీపీసీ రకం సిమెంటు మీద కంపెనీలు పడతాయి. పీపీసీ అంటే కల్తీ అని మేస్త్రీలు అంటుంటారు. కల్తీ కాదు, దానికీ ప్రమాణం ఉంది. మొదటి రోజుల్లో బలం మెల్లగా వస్తుంది, క్యూరింగ్ బాగా చేయాలి. నీళ్లు పట్టకుండా సిమెంటును తిడితే ఏం లాభం?

మిగతావి గబగబా చెప్పేస్తాను. ఆవులకు, ఎద్దులకు పన్ను? మన దేశంలో లేదు. న్యూజిలాండ్‌లో 2022లో ఒక ప్రతిపాదన వచ్చింది, 2024లో పక్కన పెట్టేశారు. ఆ వార్తే ఇంకా వాట్సాప్‌లో తిరుగుతోంది. యూరప్ వాళ్ల కార్బన్ సుంకం గ్రానైట్‌కు వర్తిస్తుందా? లేదు, వాళ్ల జాబితాలో సిమెంటు, ఇనుము, అల్యూమినియం, ఎరువులు లాంటివి ఉన్నాయి, గ్రానైట్ లేదు. గాలిమరలు మబ్బుల్ని తోలేస్తాయా? అనంతపురంలో ఒక్క గాలిమర లేని 1876లో ధాత కరువు వచ్చింది.

చీనీ (బత్తాయి) తోటల రైతులకు మాత్రం ఒక మాట. తోట ఉంటే చాలు, కార్బన్ డబ్బులు వస్తాయని పాస్‌బుక్, ఆధార్ జిరాక్సులు, "ఫీజు" వసూలు చేస్తున్నారు. క్రెడిట్ అనేది కొత్తగా చేసిన పనికి. పదేళ్ల కిందట మీ సొంతానికి నాటుకున్న చెట్టుకు కాదు. నిజమైన పథకాలూ ఉన్నాయి, అవి స్వచ్ఛందం. ముందుగానే మీ చేత డబ్బు కట్టించుకునే వాణ్ణి నమ్మకండి. ఏళ్ల తరబడి ఒప్పందం మీద సంతకం అడిగితే ఊళ్లో చదువుకున్న పిల్లలతో ప్రతి పేజీ చదివించుకోండి.

చివరిగా, ఫ్యాక్టరీల పక్క ఊళ్ల వాళ్లు అడిగేది: "కార్బన్ చట్టం వచ్చింది కదా, మా మిద్దెల మీద దుమ్ము తగ్గుతుందా?" తగ్గదు. కార్బన్ డయాక్సైడ్ కంటికి కనపడదు. మీ మిద్దె మీద పడేది ధూళి, దాని లెక్క వేరు. దాని మీద అర్జీ పెట్టాల్సింది కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి. "ఎప్పుడూ దుమ్మే" అని రాస్తే పక్కన పడేస్తారు. ఏ తేదీ, ఎన్ని గంటలకు, గాలి ఎటునుంచి ఉంది, ఏ గొట్టం లేదా ఏ రోడ్డు నుంచి వచ్చింది అన్నది రాసి, తేదీ కనపడే ఫొటోలు జత చేయండి. అర్జీ ఇచ్చాక రసీదు తీసుకోవడం మరిచిపోకండి.