ఎక్స్‌ప్రెస్‌లో డిలీట్: అపోహలు - వాస్తవాలు

నోడ్ జేఎస్‌లో వెబ్ సర్వర్లు రాయడానికి వాడే ఎక్స్‌ప్రెస్‌లో డిలీట్ రూట్ (తొలగించమనే అభ్యర్థనను అందుకునే కోడ్) రాయడం నాలుగు వరుసల పని. అందుకే కాబోలు, దాని గురించి ఎవరూ పెద్దగా ఆలోచించరు. ఇతరుల కోడ్ చూసేటప్పుడు నాకు తరచూ ఎదురయ్యే నమ్మకాలు కొన్ని ఇవి.

అపోహ: లాగిన్ ఉంటే చాలు, తొలగింపును మామూలు లింకుతోనే చేయించవచ్చు.

వాస్తవం: 2005లో వచ్చిన గూగుల్ వెబ్ యాక్సిలరేటర్, వేగం కోసం పేజీలోని లింకులను ముందుగానే తెరిచి ఉంచేది. లాగిన్ అయి ఉన్నవారి బ్రౌజర్‌లోనే పనిచేయడంతో ‘తొలగించు’ లింకులనూ తెరిచేసింది. ఎవరూ నొక్కకుండానే సమాచారం పోయింది. లింకు తెరిస్తే వెళ్లే గెట్ అభ్యర్థన చదవడానికే. ఇక ఫారమ్‌లో మెథడ్ దగ్గర డిలీట్ అని రాసినా బ్రౌజర్ దాన్ని గెట్‌గానే పంపుతుంది. జావాస్క్రిప్ట్ నుంచి అభ్యర్థన పంపే ఫెచ్ వాడండి, లేదా పోస్ట్ పంపి, దాన్ని డిలీట్‌గా మార్చే మెథడ్-ఓవర్‌రైడ్‌ను సర్వర్‌లో పెట్టుకోండి.

అపోహ: ఎర్రర్ రాలేదంటే రికార్డు పోయినట్లే.

వాస్తవం: అసలు చిక్కంతా ఇక్కడే. మాంగోడీబీ డేటాబేస్‌తో పనిచేసే లైబ్రరీ మాంగూస్‌లో, ఒక రికార్డును తీసేసే డిలీట్‌వన్‌కు సరిపోయేది దొరకకపోతే ఎర్రర్ రాదు, డిలీటెడ్‌కౌంట్ 0 అని మాత్రం చెబుతుంది. దాన్ని చూడకుండా ‘విజయవంతంగా తొలగించాం’ అని జవాబిచ్చే కోడ్‌కు లెక్కలేదు. షరతులో ఐడీ ఒక్కటే ఉంటే ఇంకా ప్రమాదం: చిరునామాలో అంకె మార్చి పక్కవాడి ఆర్డర్‌ను ఎవరైనా తీసేయవచ్చు. ఐడీతో పాటు యజమాని ఐడీని కూడా అదే క్వెరీలో పెట్టండి. 0 వస్తే ‘దొరకలేదు’ అని చెప్పే 404 స్టేటస్ ఇవ్వండి. ఆ రికార్డు మరొకరిదన్న సంగతి కూడా బయటపడదు.

షరతుకు సరిపోయే రికార్డులన్నిటినీ తీసేసే డిలీట్‌మెనీతో మరీ జాగ్రత్త. మాంగూస్ 6లో స్ట్రిక్ట్‌క్వెరీ అనే సెట్టింగ్ మనం పెట్టకపోయినా ఆన్‌లోనే ఉండేది. స్కీమాలో (రికార్డులో ఏ ఫీల్డులు ఉండాలో చెప్పే నమూనాలో) లేని ఫీల్డును అది చడీచప్పుడు లేకుండా షరతు నుంచి తీసేస్తుంది. యూజర్‌ఐడీ స్పెల్లింగులో ఒక్క అక్షరం తప్పితే మిగిలేది ఖాళీ షరతు, దానికి కలెక్షన్‌లోని రికార్డులన్నీ సరిపోతాయి! 7లో దాన్ని ఆఫ్ చేశారు. అయినా పాత ప్రాజెక్టులో ఎవరైనా చేత్తో ఆన్ చేసి ఉంచారేమో వెతికి చూడండి.

అపోహ: డిలీట్ ఐడెంపోటెంట్ (ఎన్నిసార్లు పంపినా ఫలితం ఒకటే) కనుక రెండోసారీ అదే స్టేటస్ రావాలి.

వాస్తవం: సర్వర్‌లో మిగిలే స్థితి ఒకటే కావాలి, జవాబు కాదు. మొదట 204 (పని అయింది, పంపేదేమీ లేదు), తర్వాత 404 వచ్చినా నిబంధన తప్పినట్లు కాదు.

అపోహ: 204తో పాటు ఒక సందేశం కూడా పంపవచ్చు.

వాస్తవం: అది చేరదు. పైగా అవతల ఫెచ్ జవాబును జేసన్‌గా చదవబోతే ఎర్రర్ వస్తుంది. సందేశం కావాలంటే 200 వాడండి.

అపోహ: అసింక్ హ్యాండ్లర్‌లో (డేటాబేస్ వంటి వాటి జవాబు కోసం ఆగే రూట్ ఫంక్షన్‌లో) వచ్చే ఎర్రర్లను ఎక్స్‌ప్రెస్ చూసుకుంటుంది.

వాస్తవం: 5వ వెర్షన్‌లో నిజమే. 4లో మాత్రం పట్టుకుని, ఎర్రర్‌ను ముందుకు పంపే నెక్స్ట్‌కు మీరే అందించాలి, లేకపోతే బ్రౌజర్‌కు జవాబు వెళ్లదు, నోడ్ 15 నుంచి అయితే సర్వరే ఆగిపోవచ్చు.