రాతిలో రంధ్రం: బోల్టు కొట్టే హక్కు ఎవరిది, పీకే హక్కు ఎవరిది?

2025 జనవరి 4న అమెరికాలో చట్టమైన ఎక్స్‌ప్లోర్ యాక్ట్‌లో రాక్ క్లైంబర్ల కోసం ఒక చిన్న విభాగం ఉంది. వైల్డర్‌నెస్‌గా ప్రకటించిన రక్షిత ప్రాంతాల్లో, రాతిలో తొలిచి బిగించే బోల్టులు వాడటం, వేయడం, పాతవి మార్చడం వాటంతట అవే చట్టవిరుద్ధం కావని అది చెప్పింది. అంతకు ఏడాది ముందు, 2023 నవంబరులో, నేషనల్ పార్క్ సర్వీసు, ఫారెస్ట్ సర్వీసు ఇందుకు పూర్తిగా భిన్నమైన ముసాయిదాలు తెచ్చాయి. 1964 నాటి వైల్డర్‌నెస్ చట్టం నిషేధించిన కట్టడాల జాబితాలోకి బోల్టు కూడా వస్తుందని, ఎక్కడైనా ఉంచాలంటే ప్రత్యేకంగా మినహాయింపు ఇవ్వాలని వాటి సారాంశం. ఆ ముసాయిదాలు అమలు దాకా రాలేదు.

వేలెడంత ఉక్కు ముక్క గురించి ఒక దేశపు చట్టసభ తలపట్టుకోవాల్సి వచ్చిందంటే దాని వెనక ఉన్న వాదన చిన్నది కాదు. అది నూరేళ్లు దాటిన వాదన.

ముందుగా అసలు వస్తువు సంగతి. క్లైంబర్ తాడు కట్టుకుని ఎక్కుతూ, పడితే ఆపడానికి దారి పొడవునా ఆ తాడును రాతికి తగిలిస్తూ పోతాడు. రాతిలో సహజంగా చీలికలుంటే వాటిలో లోహపు నట్లు, క్యామ్‌లు ఇరికిస్తాడు. వెనక వచ్చే మనిషి వాటిని తీసేసుకుంటాడు. రాయి దాదాపు ఎప్పటిలాగే మిగులుతుంది. చీలిక లేని నున్నటి గోడ మీద ఇది కుదరదు. అక్కడ డ్రిల్‌తో తొలిచి, బోల్టు బిగించి, దానికి తాడు తగిలించుకునేందుకు హ్యాంగర్ అనే లోహపు పట్టీ పెడతారు. ఇక అది అక్కడే ఉంటుంది. పీకేసినా రంధ్రం పోదు.

అందుకే బోల్టు కొట్టేవాడు తన ఒక్కడి కోసం కొట్టడు. ఆ తర్వాత ఆ గోడ ఎక్కే అందరి తరఫునా నిర్ణయం చేసేస్తాడు. పీకేవాడు చేసేదీ అదే. ఈ గొడవను ధైర్యానికీ భద్రతకూ మధ్య పోరుగా చెప్పడం అలవాటైపోయింది. దీని చరిత్ర చదివేకొద్దీ నాకు మాత్రం నిర్ణయించే అధికారం ఎవరిదన్న ప్రశ్నే పదేపదే కనిపిస్తుంది.

బోల్టులు రాకముందే ఈ వాదన మొదలైంది. 1911లో పాల్ ప్రాయిస్ అనే ఆస్ట్రియా యువకుడు, కొండ చీలికల్లో ఇనుప మేకులు దిగ్గొట్టి ఎక్కే పద్ధతిని తప్పుపడుతూ ఒక పర్వతారోహణ పత్రికలో వ్యాసం రాశాడు. మేకు ప్రాణాపాయంలో వాడుకోవలసినదే తప్ప దాన్ని నమ్ముకుని ఎక్కకూడదన్నాడు. దిగలేని చోటికి ఎక్కకూడదన్నాడు. తాడు మీద జారుతూ దిగడాన్ని కూడా అతను కృత్రిమ సాయం కిందే లెక్కగట్టాడు. టిటా పియాజ్, ఫ్రాంజ్ నీబెర్ల్ లాంటి అనుభవజ్ఞులు దీన్ని ఒప్పుకోలేదు. ఒక మేకు మనిషిని బతికిస్తుందంటే దాన్ని కాదనడం దేనికన్నది వాళ్ల ప్రశ్న. 1913 అక్టోబరులో ఒంటరిగా, తాడు లేకుండా ఎక్కుతూ ప్రాయిస్ పడి చనిపోయాడు. అప్పటికి అతని వయసు 27. ఆ మరణాన్ని రెండు పక్షాలవాళ్లూ తమ వాదనకు రుజువుగా చూపించుకున్నారు. అతని ప్రశ్నకు మాత్రం అది జవాబు కాదు.

అదే 1913లో జర్మనీలోని సాక్సనీలో, ఎల్బే నది పక్కనున్న ఇసుకరాతి స్తంభాల దగ్గర, రుడాల్ఫ్ ఫెర్మాన్ క్లైంబింగ్ నియమాలను అక్షరబద్ధం చేశాడు. అక్కడి రాయి మెత్తన, తడిస్తే ఇంకా బలహీనం. అందుకని లోహపు నట్లు వాడకూడదు. ముడులు వేసిన తాళ్లనే చీలికల్లో ఇరికించాలి. సుద్దపొడి నిషిద్ధం. వాన పడి తడిసిన రాతిని ఎక్కకూడదు. రక్షణకు ఇనుప రింగులుంటాయి. కానీ వాటిని మొదటిసారి ఆ దారి ఎక్కేవాడే, కింది నుంచి ఎక్కుతూ, దూరం దూరంగా వేయాలి. తర్వాత ఎవరికైనా అక్కడ మరో రింగు అవసరమనిపిస్తే సొంతంగా కొట్టకూడదు, క్లైంబర్ల సంఘం కమిటీ తేల్చాలి. మిగతా ప్రపంచం కొట్లాడుకుంటున్న ప్రశ్నకు సాక్సనీ ఎప్పుడో ఒక పద్ధతి ఏర్పరచుకుంది. ఆ నియమాల్లో కొన్ని నాకు మరీ కఠినంగా అనిపిస్తాయి. కానీ అక్కడ రాతి స్వభావాన్ని బట్టి నియమం పుట్టింది, నియమాన్ని మార్చడానికి ఒక వేదిక ఉంది. అలాంటి రెండూ కలిసి ఉన్న చోట్లు నేటికీ తక్కువే.

అమెరికాలో ఎక్స్‌పాన్షన్ బోల్టు, అంటే రంధ్రం లోపల విచ్చుకుని పట్టు బిగించే బోల్టు, తొలిసారి కొండ మీదికి వెళ్లింది 1939లో, న్యూమెక్సికోలోని షిప్‌రాక్ మీదికి. డేవిడ్ బ్రోవర్, బెస్టర్ రాబిన్సన్, రఫీ బెడైన్, జాన్ డయ్యర్ ఎక్కారు. వాడినవి 4 బోల్టులు. షిప్‌రాక్ అక్కడి నవాహో తెగవాళ్లకు పవిత్రమైన శిల. 1970 నుంచి దాన్ని ఎక్కడాన్ని వాళ్లు నిషేధించారు. ఆ నాలుగు బోల్టుల తర్వాత దశాబ్దాల పాటు వాదన సాగింది, కానీ క్లైంబర్ల మధ్యే సాగింది. ఆ కొండలను తరతరాలుగా తమవనుకునేవాళ్లు ఆ వాదనలోకి రావడానికి చాలా కాలం పట్టింది.

కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయలో ఈ వాదన ఇద్దరు మనుషుల రూపం తీసుకుంది. 1958 నవంబరులో ఎల్ కాపిటాన్ మీద నోస్ దారిని పూర్తిచేసిన వారెన్ హార్డింగ్, చివరి రాత్రి నిద్ర మానుకుని ఆఖరి గోడలో చేత్తో 28 బోల్టులు కొట్టాడు. 1970లో డీన్ కాల్డ్‌వెల్‌తో కలిసి అదే కొండ మీద ‘వాల్ ఆఫ్ ఎర్లీ మార్నింగ్ లైట్’ ఎక్కాడు. 27 రోజులు, 300కు పైగా రంధ్రాలు. ఇన్ని రంధ్రాలు కొడితే ఏ గోడనైనా ఎక్కేయవచ్చు, ఇక కొండ పెట్టే పరీక్ష ఎక్కడుందని అక్కడి మరో క్లైంబర్ రాయల్ రాబిన్స్ వాదన. 1971లో డాన్ లారియాతో కలిసి అతను ఆ దారినే ఎక్కుతూ, కింది భాగంలో ఎదురైన బోల్టులను ఉలి పెట్టి తెగ్గొడుతూ పోయాడు. పైకి వెళ్లేకొద్దీ హార్డింగ్ పనితనం తెలిసొచ్చింది. బోల్టుకూ బోల్టుకూ మధ్య అతను ఎంత కష్టమైన చోట్లు దాటాడో చేతులతోనే అర్థమైంది. రాబిన్స్ ఉలి పక్కన పెట్టి మిగతా దారిని ఉన్నదున్నట్టుగా ఎక్కాడు. ఈ మొత్తం చరిత్రలో నాకు బాగా నచ్చే ఘట్టం ఇది. పీకడానికి వెళ్లినవాడు, పీకే దారిలోనే ఎదుటివాడి పనిని చదివి ఆగిపోయాడు.

దానికి కొన్నేళ్ల ముందే, 1965లో, ఇదే లోయలో గొడవ లేకుండా ఒక సంప్రదాయం బలపడింది. హాఫ్ డోమ్ మీద స్నేక్ డైక్ దారిని ఎరిక్ బెక్, జిమ్ బ్రిడ్‌వెల్, క్రిస్ ఫ్రెడరిక్స్ అతి కొద్ది బోల్టులతో ఎక్కారు. దారి సులువైనది, కానీ జారితే పడేది చాలా దూరం. ఇంత అందమైన, సులువైన దారిని ప్రాణభయంతో ఎక్కాల్సిన పని లేదనుకుని, తర్వాత వచ్చిన స్టీవ్ రోపర్ మరికొన్ని బోల్టులు వేయడానికి వాళ్లు అనుమతిచ్చారు. మొదట ఎక్కినవారి మాట చెల్లుతుందన్న నియమం ఇలాంటి సందర్భాల్లోనే గట్టిపడింది. నియమం బాగానే ఉంది. కానీ మొదట ఎక్కినవారు చనిపోతేనో? ఎంతో నేర్పరి ఒకరు, తనకు సులువైన చోట బోల్టు వేయకుండా వదిలేసి, మామూలు క్లైంబర్లకు ప్రాణాంతకమైన దారిని మిగిల్చిపోతేనో? మొదట వచ్చినంత మాత్రాన కొండ మీద శాశ్వతాధికారం దక్కుతుందా? ఈ ప్రశ్నలకు ఆ నియమంలో జవాబు లేదు.

1980లలో మోటారు డ్రిల్ వచ్చి లెక్క మార్చేసింది. గ్రానైట్‌లో చేత్తో ఒక రంధ్రం తొలవాలంటే అరగంట దాకా పడుతుంది. కొక్కేనికి వేలాడుతూ, నొప్పెట్టే చేతులతో సుత్తి కొడుతున్నవాడు ఈ బోల్టు నిజంగా కావాలా అని పదిసార్లు ఆలోచిస్తాడు. ఎవరూ రాయకుండానే అమలైన నియంత్రణ ఆ శ్రమ. బ్యాటరీ డ్రిల్ ఆ పనిని నిమిషానికి తెచ్చింది. ఫ్రాన్స్‌లో వెర్దోన్, బ్యూ గోడల దగ్గర, అమెరికాలో ఆలన్ వాట్స్ అనే క్లైంబర్ ఉన్న స్మిత్ రాక్ దగ్గర, పైనుంచి తాడు మీద దిగుతూ ముందే బోల్టులు వేసి, తర్వాత కింది నుంచి ఎక్కే పద్ధతి స్థిరపడింది. నేటి స్పోర్ట్ క్లైంబింగ్‌కు మూలం ఇదే. పడినా దెబ్బ తగలదన్న నమ్మకంతో కదలికల మీదే దృష్టి పెట్టారు కాబట్టే కష్టానికి హద్దులు అంత వేగంగా జరిగాయి. 1986లో స్మిత్ రాక్ దగ్గర జాన్ బాప్తిస్త్ త్రిబూ పూర్తిచేసిన దారికి ‘టు బోల్ట్ ఆర్ నాట్ టు బి’ అని పేరు. వాదన ఎంత వేడిగా ఉండేదో ఆ పేరే చెబుతుంది.

ఆ హోరుకు కొద్దిగా ముందు, 1981లో, యోసెమిటీ పార్కులోనే ఉన్న టువాలమీలో జాన్ బాకర్, డేవ్ యెరియన్ సుమారు 150 మీటర్ల గోడను కింది నుంచే ఎక్కుతూ, చేత్తో కొట్టిన 13 బోల్టులతో ముగించారు. నేటికీ ఆ దారికి వెళ్లేవాళ్లు తక్కువ. పైనుంచి బోల్టులు వేసిన గోడల వల్ల వేలమందికి ఈ క్రీడ అందిందన్నది ఎంత నిజమో, అందరికీ అందకుండా ఉన్న ఆ దారికీ విలువ ఉందన్నది అంతే నిజం. రెండూ పక్కపక్కనే బతకాలంటే ఎవరూ అడక్కుండా ఒకదాన్ని ఇంకొకదానిలా మార్చకూడదు.

ఇక సెర్రో టోరే. దక్షిణ అమెరికా దక్షిణ కొసన పటగోనియాలోని ఈ కొండ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. ఎందుకంటే కొట్టడం, పీకడం రెండూ ఇక్కడ హద్దు దాటాయి. 1959లో దీన్ని ఎక్కానని ఇటలీకి చెందిన చెసారే మాయెస్త్రి ప్రకటించాడు. సహచరుడు టోని ఎగ్గర్ అక్కడే చనిపోయాడు. ఆ మాటను చాలామంది నమ్మలేదు. కోపంతో 1970లో మాయెస్త్రి తిరిగి వెళ్లాడు, ఈసారి పెట్రోలుతో నడిచే కంప్రెసర్ డ్రిల్ మోయించుకుని. ఆగ్నేయపు అంచు వెంట 400 దాకా బోల్టులు కొట్టాడు. చాలాచోట్ల పక్కనే మంచి చీలికలున్నా కొట్టాడు. శిఖరం మీది మంచు గొడుగు దగ్గర ఆగిపోయి, అది కొండలో భాగం కాదన్నాడు. కంప్రెసర్‌ను గోడకే కట్టేసి వదిలాడు. దిగేటప్పుడు పైభాగంలో తాను కొట్టిన బోల్టుల్లో కొన్నిటిని తానే విరగ్గొట్టాడు. వివాదం లేకుండా ఆ శిఖరం చేరింది 1974లో, మరో వైపు నుంచి, కాసిమిరో ఫెరారి నడిపిన ఇటలీ బృందం. మాయెస్త్రి దారిలో శిఖరం దాకా చేరింది 1979లో జిమ్ బ్రిడ్‌వెల్, స్టీవ్ బ్రూవర్.

ఆ బోల్టులు పీకేయాలా వద్దా అని 2007లో కొండ కిందనున్న ఎల్ చాల్టెన్‌లో క్లైంబర్లు సమావేశమై చర్చించారు. ఉంచాలన్నవారే ఎక్కువ. 2009-10 సీజన్‌లో ఆస్ట్రియా యువకుడు డేవిడ్ లామా ప్రయత్నాన్ని చిత్రీకరించే బృందం కోసం మరో 30 దాకా కొత్త బోల్టులు పడ్డాయి. దాని మీద పెద్ద దుమారమే రేగింది. 2012 జనవరిలో అమెరికాకు చెందిన హేడెన్ కెనెడీ, కెనడాకు చెందిన జేసన్ క్రుక్ మాయెస్త్రి బోల్టుల వరుసను వదిలేసి ఆ అంచు వెంటే శిఖరం చేరారు. దిగుతూ 120 దాకా బోల్టులు పీకేశారు. ఎల్ చాల్టెన్‌లో జనం మండిపడ్డారు. పోలీసులు రంగంలోకి దిగారు, పీకిన బోల్టులను స్వాధీనం చేసుకున్నారు. మరికొద్ది రోజుల్లోనే లామా, పీటర్ ఓర్ట్‌నర్ తోడుగా, ఆ బోల్టులు లేకుండానే, సామగ్రి దేని మీదా తన బరువు వేయకుండా, కాళ్లూచేతులతోనే ఆ అంచును ఎక్కేశాడు.

అంటే మాయెస్త్రి బోల్టులు అనవసరమని తేలిపోయింది. ఆ విషయంలో కెనెడీ, క్రుక్‌లు చెప్పింది సరైనదే. అయినా వాళ్లు చేసిన పని నాకు మింగుడుపడదు. నలభై ఏళ్లుగా ఎందరో ఆ బోల్టుల మీదుగా వెళ్లారు. వాటి గురించి ఒక సమావేశం జరిగింది, మెజారిటీ ఒక మాట చెప్పింది. బయటి నుంచి వచ్చిన ఇద్దరు ఒక్క మధ్యాహ్నంలో దాన్ని చెరిపేశారు. 1970లో మాయెస్త్రి కూడా ఎవరినీ అడగలేదు కదా అని వాళ్ల పక్షం వారంటారు. నిజమే. అడక్కపోవడం అప్పుడు తప్పయితే ఇప్పుడూ తప్పే.

క్లైంబర్లలో క్లైంబర్లు కొట్లాడుకుంటూ ఉండగా మిగతావాళ్ల గొంతు నెమ్మదిగా వినపడసాగింది. వయోమింగ్‌లోని డెవిల్స్ టవర్ లకోటా తదితర తెగలకు పూజ్యస్థలం. 1995 ప్రణాళికలో అక్కడ కొత్త బోల్టులు ఆపేశారు, పాతవి మార్చుకోవచ్చన్నారు. జూన్ నెలలో క్లైంబింగ్ స్వచ్ఛందంగా మానుకోమని కోరారు. టాహో సరస్సు ఒడ్డున కేవ్ రాక్ వాషో తెగకు అత్యంత పవిత్రం. దాని నిండా స్పోర్ట్ దారులుండేవి. అక్కడ క్లైంబింగ్‌ను నిషేధించిన ఫారెస్ట్ సర్వీసు నిర్ణయాన్ని 2007లో అప్పీలు కోర్టు సమర్థించింది. బోల్టులు తీసేశారు. 2021లో యూటాలో ఆర్చెస్ పార్కు దగ్గర, ఫ్రెమాంట్ ప్రజలు చెక్కిన ప్రాచీన శిలాచిత్రాల మీదుగా ఒక దారికి బోల్టులు పడ్డాయి. వాటిని మరో క్లైంబర్ పీకేశాడు. ఆ పీకడాన్ని తప్పుపట్టినవాళ్లు నాకు కనబడలేదు. నేనూ తప్పుపట్టను.

ఇప్పుడు కాలం మరో పని చేస్తోంది. 1960, 70లలో కొట్టిన పావు అంగుళం బోల్టులు తుప్పు పట్టాయి. 80లు, 90లలో వేసినవి కూడా ఒక్కొక్కటిగా వయసు మీరుతున్నాయి. థాయిలాండ్‌లో సముద్రం పక్కనున్న సున్నపురాతి గోడల మీద, తుప్పు పట్టదనుకున్న స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు కూడా కంటికి కనబడని పగుళ్లతో, చేతి బరువుకే తెగిపోయిన సందర్భాలున్నాయి. అందుకే అక్కడ టైటానియం బోల్టులను జిగురుతో అతికించే పద్ధతికి మారారు. అమెరికాలో పాత బోల్టులు మార్చడానికే 1998లో ఒక స్వచ్ఛంద సంస్థ పుట్టింది, అమెరికన్ సేఫ్ క్లైంబింగ్ అసోసియేషన్. పాతది పక్కన పెట్టి ఇంకో రంధ్రం తొలవడం సులువు. వీళ్లు మాత్రం వీలైనచోట పాత బోల్టును చెక్కుచెదరకుండా లాగి, అదే రంధ్రాన్ని కాస్త వెడల్పు చేసి కొత్తది బిగిస్తారు. సంఖ్య పెంచరు, చోటు మార్చరు. బాకర్, యెరియన్‌ల దారిలో 13 ఉంటే 13 మాత్రమే మారాలి, పద్నాలుగోది చేరకూడదు. ఒక్క బోల్టుకు ఇలా గంటలకొద్దీ పని పట్టవచ్చు. చేసేవాళ్లలో ఎక్కువమంది జీతం లేని స్వచ్ఛంద కార్యకర్తలు, సామగ్రి వచ్చేది విరాళాల మీద.