ఏళ్ల తరబడి ఉన్నా పంపించేస్తారా? అమెరికా డిపోర్టేషన్ వెనక కథ

2025 ఫిబ్రవరి 5న అమెరికా మిలిటరీ విమానం మనోళ్లు 104 మందిని తెచ్చి అమృత్‌సర్‌లో దించిందా, ఆ సంకెళ్ల వీడియోలు చూసిన దగ్గర్నుంచి గుంటూరు బ్రాడీపేటలోనూ బెజవాడ బెంజ్ సర్కిల్ దగ్గరా పిల్లలు అమెరికాలో ఉన్న ప్రతి ఇంట్లో ఇదే టాపిక్, అన్నేళ్లు ఉండి పన్నులు కట్టినోణ్ణి కూడా మానవత్వం లేకుండా పంపించేస్తారా అని. మానవత్వం ఉందండీ, కాకపోతే అది అక్కడ హక్కు కాదు, పెద్దోళ్లు దయ తలిస్తేనే.

హక్కు కాదన్న ఈ మాట 1893 నాటిది. చైనా కూలీలు రాకూడదని 1882లోనే చట్టం చేశారు, పదేళ్లకి ఆల్రెడీ ఉన్నోళ్లు కూడా సర్టిఫికెట్ చూపించాలి లేదంటే పంపించేస్తాం అన్నారు, దాని మీద ఫాంగ్ యూ టింగ్ అనే ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్తే డిపోర్టేషన్ (దేశం నుంచి పంపించేయడం) అసలు శిక్షే కాదు పొమ్మంది. శిక్ష కాదన్నాక జ్యూరీ ఎందుకు, సర్కారు ఖర్చుతో లాయర్ ఎందుకు? ఇవాళ్టికీ ఇమిగ్రేషన్ కోర్టులో లాయర్ కావాలంటే చాలావరకు మన డబ్బులతోనే పెట్టుకోవాలి.

దయ సంగతికొస్తే, 1940లో పెళ్లాం పిల్లలు అమెరికన్లైతే డిపోర్టేషన్ ఆపే వీలు పెట్టారు. 1952 చట్టంలో పెరోల్ అని ఇంకోటి, అంటే వీసా లేకపోయినా తాత్కాలికంగా రానివ్వడం, దాంతోనే 1956 తిరుగుబాటు తర్వాత 30 వేల మందికి పైగా హంగేరీ వాళ్లని రానిచ్చారు. నాకు భలే అనిపించేది మాత్రం బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్ కేసు. పాత గంజాయి కేసు సాకుతో 1972లో ఆయన్ని పంపించేద్దామని చూస్తే, ఆయన లాయర్ లియాన్ వైల్డ్స్ ఫైళ్లు తవ్వించాడు, పాపం అనిపించిన కేసుల్ని ఆఫీసర్లు లోపాయికారీగా పక్కన పెట్టేస్తున్నారని అప్పుడు బయటపడింది. చిన్నప్పుడే వచ్చి కాగితాల్లేకుండా ఉండిపోయినోళ్లని పంపించకుండా ఆపే డాకా, 2012లో ఒబామా తెచ్చింది, అది కూడా ఈ పద్ధతిదే.

1996లో క్లింటన్ టైంలో అంతా బిగించేశారు. డిపోర్టేషన్ ఆపించుకోవాలంటే అక్కడ పదేళ్లు ఉండాలి, అమెరికన్ కుటుంబానికి మామూలు కష్టం కాదు అసాధారణమైన కష్టం వస్తుందని నిరూపించాలి, అదీ ఏడాదికి 4,000 మందికే. ఏడాదికి మించి లీగల్ స్టేటస్ లేకుండా ఉండి బయటికొస్తే పదేళ్లు మళ్లీ వెళ్లడానికి లేదు. యుద్ధాలు, భూకంపాలు వచ్చిన దేశాల వాళ్లకి 1990 నుంచి ఇచ్చే టీపీఎస్ అనే తాత్కాలిక రక్షణ ఉంది గానీ, నేపాల్‌కి 2015 భూకంపం తర్వాత ఇచ్చారు, ఇండియాకి ఎప్పుడూ లేదు.

మన తెలుగు పిల్లలకి దెబ్బ తగిలింది ఎక్కువగా చదువు దారిలో. 2011లో కాలిఫోర్నియా ట్రై వ్యాలీ యూనివర్సిటీ మూతపడితే కొంతమంది కాళ్లకి ట్రాకర్లు కట్టారు. 2019లో ఫార్మింగ్టన్ అయితే ఇంకా ఘోరం, ఆ దొంగ యూనివర్సిటీని వల పన్ని పెట్టిందే ఇమిగ్రేషన్ వాళ్లు, మొదట పట్టుబడ్డ 130 మందిలో 129 మంది ఇండియన్లే, అందులో తెలుగోళ్లు బోలెడు.

ఇంకో తమాషా ఏంటంటే, హెచ్-1బీ ఉద్యోగుల పెళ్లాం పిల్లలకిచ్చే హెచ్‌-4 మీద చిన్నప్పుడే వెళ్లిన పిల్లలకి డాకా రాదు, ఎందుకంటే 2012 జూన్ 15 నాటికి లీగల్ స్టేటస్ లేనోళ్లకే అది. రూల్ ప్రకారం ఉన్నందుకే అనర్హులు! తల్లిదండ్రుల గ్రీన్‌కార్డు క్యూ కదలదు, పిల్లకి 21 నిండితే హెచ్‌-4 అయిపోతుంది, స్టూడెంట్ వీసా ఎఫ్‌-1కి మారాలి లేదా తనకి సరిగా గుర్తు కూడా లేని గుంటూరుకి రావాలి.