బొమ్మ వీపు మీది సంవత్సరం, ఇంకొన్ని అపోహలు

నల్లగొండ గడియారం సెంటర్‌కి దగ్గర్లో మాదో చిన్న బొమ్మల షాపు. ఒక గోడకు కొండపల్లి, నిర్మల్, ఏటికొప్పాక బొమ్మలు, ఎదురుగా అద్దాల బీరువాలో పాత బార్బీలు. ఆడుకోవడానికి కాదు, దాచుకునేవాళ్ళ కోసం. కౌంటర్ ముందు రోజూ వినే మాటలు కొన్ని చెప్తాను.

అపోహ: "ఈ బార్బీ వీపు మీద 1966 అని ఉందక్కా, మస్తు పాతది. లక్ష రావా?"

వాస్తవం: రావు. నవ్వకుండానే చెప్తాను, ఎందుకంటే మొదట్లో నేనూ ఇట్లనే బోల్తా పడ్డాను. ఒకాయన 1966 ముద్ర చూపించి చెప్పిన ధరకి బేరమాడకుండా కొన్నాను. తీరిగ్గా చూస్తే ఆ పక్కనే చిన్న అక్షరాల్లో చైనా అని ఉంది. బార్బీ మొదట బయటికి వచ్చింది 1959లో, అప్పట్లో తయారీ జపాన్‌లో. 1966 అనేది నడుము తిరిగే ఒంటి నమూనాకి మ్యాటెల్ కంపెనీ వేసుకున్న కాపీరైట్ సంవత్సరం. అదే ముద్రతో 1990ల దాకా బొమ్మలు వస్తూనే ఉన్నాయి. తల ఊడదీస్తే మెడ లోపలి అంచున ఇంకో సంవత్సరం కనిపిస్తుంది, అది తల అచ్చుది. ఈ రెండింటిలో ఏది తర్వాతిదో చూడండి: బొమ్మ అంతకంటే పాతది కాదు. అంతవరకే చెప్పగలం. చైనా అని ఉంటే మాత్రం అరవైల మాట మర్చిపోండి. (తల మీరే ఊడదీయకండి, పాత మెడ విరుగుతుంది.)

అపోహ: చెక్క బొమ్మలన్నీ ఒకటే, పేర్లే వేరు.

వాస్తవం: చేతిలోకి తీసుకోండి, తెలిసిపోతుంది. కొండపల్లిది, నిర్మల్‌ది పొణికి కర్ర, చాలా తేలిక. కొండపల్లి బొమ్మకు చేతులూ కాళ్ళూ విడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికిస్తారు. ఆ అతుకు భుజం వెనక వెతికితే దొరుకుతుంది. ఏటికొప్పాకది అంకుడు కర్ర. తరిణె మీద గిర్రున తిరుగుతుండగా రంగు కలిపిన లక్కను ఒత్తితే, ఆ రాపిడి వేడికి కరిగి కర్రకు పట్టేస్తుంది. పైన మొగలి ఆకుతో మెరుగు పెడతారు. అందుకే గుండ్రటి ఆకారాలే ఎక్కువ. ముక్కూ మూతీ చెక్కిన బొమ్మ తెచ్చి ఏటికొప్పాక అని ఎవరైనా అంటే నాకు అనుమానమే.

అపోహ: దుమ్ము పడితే తడిగుడ్డతో తుడిస్తే సరి.

వాస్తవం: ఏటికొప్పాకను పిండిన గుడ్డతో తుడవొచ్చేమో గానీ, కొండపల్లిని వద్దు. రంగు వస్తుంది, చింతగింజల ముద్ద మెత్తబడుతుంది. మెత్తని పొడి బ్రష్ చాలు. పురుగు భయంతో కలరా ఉండలు వేసేవాళ్ళున్నారు. వాటి ఆవిరికి కొన్ని ప్లాస్టిక్‌లు పాడవుతాయి, బార్బీల బీరువాలో అసలు పెట్టకండి. మన ఎండాకాలం సంగతి తెలిసిందే కదా, కిటికీ పక్కన పెట్టిన బొమ్మ రంగు వెలిసిపోతుంది.

అపోహ: డబ్బా తెరిస్తే విలువ పోయినట్టే.

వాస్తవం: ధర తగ్గుతుంది, నిజమే. కానీ మూసి ఉంచితే ఏమీ కాదనుకోవద్దు. లోపల రబ్బరు బ్యాండ్లు కరిగి జుట్టుకు అంటుకుంటాయి. పాత బార్బీలకు లోహపు కమ్మలుంటే చెవి చుట్టూ పచ్చ మరక వస్తుంది, అది తీయడం పెద్ద టెన్షన్.

అపోహ: షాపులోకి వస్తే ఏదో ఒకటి కొనాల్సిందే.

వాస్తవం: మా దగ్గర అట్లాంటిదేం లేదు. చూడండి, అడగండి, ఇంట్లో ఉన్న పాత బొమ్మ తెచ్చి చూపించండి. ఎత్తేటప్పుడు మాత్రం కింద చెయ్యి పెట్టండి. అంబారీ ఏనుగును అందరూ పైనున్న గొడుగు పట్టుకునే లేపుతారు, ముందు విరిగేది అదే.