ఎర్రలైటుకు కొత్త రూటర్ మందు కాదు: ఇంటి నెట్ మీద అపోహలు - వాస్తవాలు

పిల్లలు బయటి దేశాల్లో ఉండే ఇళ్లు తిరుపతిలో, చిత్తూరులో వీధికి నాలుగైనా ఉంటాయి. ఆ ఇళ్లలో నెట్ ఆగితే డల్లాస్ నుంచో మెల్‌బోర్న్ నుంచో వచ్చే ఫోను ఒకటే: “కొత్త రూటర్ ఆర్డర్ పెట్టినాను నాన్నా, ఎల్లుండికి వస్తుంది.” రూటర్ వస్తుంది. నెట్ మాత్రం ఎప్పటి మాదిరే తెగుతూ అతుక్కుంటూ ఉంటుంది. ఇంటికి నెట్ మూడు అంచెల్లో చేరుతుంది. స్తంభం మీద నుంచి ఇంట్లోకి దిగే ఫైబర్ తీగ ఒకటి, ఆ తీగ గుచ్చుకునే పెట్టె, దాని కరెంటు రెండోది, అక్కడి నుంచి ఫోను దాకా గాల్లో పోయే వైఫై మూడోది. ఏ అంచెలో ఆగిందో కనిపెట్టడం పది నిమిషాల పని. అది చేయకుండా కొన్న సామాను అటకెక్కుతుంది.

అపోహ: “నెట్ రాలేదంటే రూటర్ పోయినట్టే.”

ముందు ఫైబర్ పెట్టె మీది లైట్లు చూడండి. పీఓఎన్ అని రాసి ఉన్న లైటు ఆకుపచ్చగా నిలకడగా వెలిగితే తీగలో వెలుతురు వస్తోంది, కంపెనీ వైపు యంత్రం మీ పెట్టెను గుర్తుపట్టింది. అది ఆగకుండా మినుక్కుమంటుంటే వెలుతురు వస్తున్నా నమోదు కాలేదు. ఎల్‌ఓఎస్ దగ్గర ఎర్రలైటు కొట్టుకుంటుంటే, అంటే లైన్‌మెన్లు ‘లాస్ వస్తాంది’ అనేది, తీగలో వెలుతురే లేదు, లేదా పనికిరానంత సన్నగిల్లింది. ఆ దశలో రూటర్ రెండు వేలదైనా ఇరవై వేలదైనా ఒకటే.

తీగలో ఉండేది వెంట్రుకంత గాజుపోగు. ఇళ్లకు వేసే రకం ఐదు రూపాయల బిళ్ల చుట్టూ తిప్పినంత వంపు దాకా ఓర్చుకుంటుంది. అంతకన్నా ఇరుకుగా మడిస్తే ఆ మడత దగ్గర వెలుతురు బయటికి కారిపోతుంది. కాబట్టి పెట్టె వెనక నుంచి కిటికీ దాకా తీగను కంటితో వెతకండి. టీవీ స్టాండు గోడకు ఆనించినప్పుడు నలిగి ఉండొచ్చు, కిటికీ రెక్క కింద పడి ఉండొచ్చు. కపిలతీర్థం, అలిపిరి వైపు కొండ కింది ఇళ్లలో మేడ మీది తీగ కూడా చూడాలి, కోతులు ఊగిన తీగ పైకి బాగానే ఉన్నట్టుండి లోపల విరిగి ఉంటుంది.

తీగ కొసన ఉండే ఆకుపచ్చ కనెక్టర్ మొన 8 డిగ్రీల వాలుగా చెక్కి ఉంటుంది. నీలిరంగుదాని మొన చదునుగా ఉంటుంది. ఈ రెండింటినీ కలిపి గుచ్చితే నెట్ ఒక్కోసారి వస్తుంది, కానీ వెలుతురు చాలావరకు పోతుంది. మొనను వేలితో తాకొద్దు, చొక్కా అంచుతో తుడవొద్దు, కంటికి ఎదురుగా పెట్టుకుని అసలు చూడొద్దు. అందులో వచ్చే లేజర్ కంటికి కనబడదు.

లైన్‌మన్ వచ్చినప్పుడు పవర్ మీటర్ రీడింగ్, అంటే తీగలో వెలుతురు బలం, ఎంతో అడిగి, పెట్టె పక్కన గోడ మీద తేదీతో రాసి పెట్టుకోండి. మైనస్ 15 నుంచి మైనస్ 24 డీబీఎం మధ్య ఉంటే నిశ్చింత. మైనస్ 27 దాటితే అది అంచు మీద నడుస్తున్న లైను, ఏ చిన్న కదలికకైనా తెగుతుంది. 3 పాయింట్లు పడితే వెలుతురు సగమైనట్టు లెక్క. పోయిన ఏడు మైనస్ 19 ఉన్నది ఇప్పుడు మైనస్ 25 చూపిస్తే, దారిలో ఎక్కడో అతుకు చెడిందని లైన్‌మన్‌తో వాదించడానికి మీ చేతిలో ఆధారం ఉంటుంది.

అపోహ: “మబ్బు పట్టింది కదా, అందుకే నెట్ లేదు.”

డిష్ టీవీ నాటి నమ్మకం ఇది. గాజుపోగులో పోయే వెలుతురుకు మబ్బుతో పని లేదు. మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి కాబట్టి ఆ మూడు నెలల్లో ఫిర్యాదులు పెరగడం నిజమే, కారణాలు మాత్రం వేరు. మూత సరిగా పడని జాయింట్ బాక్సులోకి నీళ్లు దిగుతాయి, కొమ్మ విరిగి తీగ మీద పడుతుంది, వీధిలోని పరికరానికి కరెంటు పోతుంది.

ఉరుములకు భయపడాల్సింది ఫైబర్ గురించి కాదు. పిడుగుపాటు పోటు కరెంటు ప్లగ్గు గుండా, మేడ మీది కెమెరా నుంచి దిగే లాన్ కేబుల్ గుండా వస్తుంది. ఆ రెండూ పీకేయండి. ఫైబర్ కొసను కదిలించకండి.

అపోహ: “వెనకున్న సన్న రంధ్రంలో పిన్ను గుచ్చి రీసెట్ కొడితే సరిపోతుంది.”

ఫోనులో పిల్లలు చెప్పే సలహాల్లో ఇంతకన్నా చేటు చేసేది లేదు. ఆపి మళ్లీ వేయడం వేరు, రీసెట్ వేరు. పిన్నుతో పది సెకన్లు నొక్కితే కంపెనీవాళ్లు ఎక్కించిన పీపీపీఓఈ (కంపెనీ నెట్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్ పేరు, పాస్‌వర్డు, వీలాన్ నంబరు (కంపెనీ నెట్‌లో మీ లైనును విడిగా గుర్తించేది) తుడిచిపెట్టుకుపోవచ్చు. అప్పటిదాకా తెగుతూ వచ్చిన నెట్ ఇక పూర్తిగా రాదు, లైన్‌మన్ వచ్చి మళ్లీ ఎక్కించాల్సిందే. చేయాల్సింది ఇది: ఫైబర్ పెట్టె, రూటర్ రెండింటి ప్లగ్గులూ తీసి 30 సెకన్లు ఆగండి. ముందు ఫైబర్ పెట్టె వేయండి. పీఓఎన్ లైటు నిలకడ పడేదాకా, రెండు మూడు నిమిషాలు, ఓపిక పట్టండి. ఆ తర్వాతే రూటర్.

అపోహ: “వంద ఎంబీ ప్లాన్ అని చెప్పినారు, పది కూడా రాలేదు.”

ఆ 100 ఎంబీపీఎస్‌లో ‘బీ’ అంటే బిట్లు. 8తో భాగిస్తే సెకనుకు 12.5 మెగాబైట్లు. డౌన్‌లోడ్ 11 అని చూపిస్తోందంటే మీకు దక్కాల్సింది దక్కుతోంది. అనుమానం తీరకపోతే ల్యాప్‌టాప్‌ను లాన్ కేబుల్‌తో రూటర్‌కు కలిపి కొలవండి. అక్కడ 90 దాటి వస్తూ పడగ్గదిలో 10 వస్తుంటే కంపెనీని తిట్టి లాభం లేదు, గొడవంతా ఇంట్లోనే. 200 ప్లాన్ తీసుకున్నా లాన్ కేబుల్ మీద కూడా 94 దగ్గరే నిలిచిపోతుంటే వేరే లెక్క. రూటర్ పోర్టు 100 ఎంబీపీఎస్ రకమైనా అయ్యుండాలి, కేబుల్లోని నాలుగు జతల్లో ఒకటి తెగైనా ఉండాలి. గిగాబిట్‌కు (1000 ఎంబీపీఎస్) ఎనిమిది తీగలూ కావాలి. పాతది తీసి క్యాట్ 5ఈ రకం లాన్ కేబుల్ వేసి చూడండి.

వైఫై విషయానికొస్తే, రూటర్‌ను ఇనుప బీరువా మీద, టీవీ వెనక, చెప్పుల అలమరలో పెట్టిన ఇళ్లే ఎక్కువ. ఇనుము, అద్దం, నీళ్ల డ్రమ్ము, ఫ్రిజ్జు సిగ్నల్‌ను మింగేస్తాయి. వైఫైకి రెండు బ్యాండ్లుంటాయి. 5 గిగాహెర్ట్జ్ వేగం ఎక్కువ, ఒక ఇటుక గోడ దాటేసరికి నీరసిస్తుంది, స్లాబు దాటితే చాలాసార్లు అందదు. 2.4 దూరం పోతుంది కానీ అపార్ట్‌మెంటులో అందరి రూటర్లూ ఆ ఇరుకులోనే అరుస్తుంటాయి. సెట్టింగుల్లో దాని ఛానెల్‌ను 1, 6, 11లో ఏదో ఒకటి, వెడల్పు 20 మెగాహెర్ట్జ్ అని పెట్టండి.

నాలుగు కొమ్ములుంటే నాలుగింతల స్పీడు అనేది ఇంకో ముచ్చట. నిలబెట్టిన యాంటెన్నా చుట్టూ సిగ్నల్ గారె ఆకారంలో పరుచుకుంటుంది. చుట్టుపక్కల బాగా, సరిగ్గా నెత్తి మీద, అంటే గారె చిల్లు దగ్గర, పల్చగా. మేడ మీది గదికి అందాలంటే ఒక యాంటెన్నాను పడుకోబెట్టండి. అప్పటికీ చాలకపోతే పైకి ఒక లాన్ కేబుల్ లాగి అక్కడ పాత రూటర్‌ను యాక్సెస్ పాయింట్‌గా, అంటే వైఫై పంచే పనికి మాత్రమే, పెట్టండి. గోడకు గుచ్చే చవక ఎక్స్‌టెండర్ ఒకే రేడియోతో అటు విని ఇటు చెప్పాలి కాబట్టి స్పీడు సగానికి పడుతుంది.

అపోహ: “అమెరికా నుంచి తెచ్చిన రూటర్ అయితే దూసుకుపోతుంది.”

సూట్‌కేసులో పెట్టేముందు రెండు చూడాలి. అక్కడ టీవీ కేబుల్ లాంటి కోయాక్సియల్ తీగకు తగిలించే మోడెం-రూటర్ అయితే ఇక్కడి ఫైబర్‌కు అది పనికిరాదు. విడి రూటర్ అయితే ఫైబర్ పెట్టె వెనక చక్కగా నడుస్తుంది. అడాప్టర్ మీద ఇన్‌పుట్ 100-240 వోల్టులని ఉంటే ప్లగ్గు మార్చుకుంటే చాలు. 120 అని మాత్రమే ఉంటే ఇక్కడి 230 వోల్టులకు కాలిపోతుంది.

తిరగేసి చూస్తే ఇంకో తమాషా. సంక్రాంతికి వచ్చిన అబ్బాయి ల్యాప్‌టాప్‌లో అందరి వైఫై పేర్లూ కనిపించి, మీ ఇంటిది మాత్రం కనిపించకపోవచ్చు. మన దేశంలో 2.4లో 13 దాకా ఛానెళ్లు వాడొచ్చు, అమెరికా పరికరాలు 11తోనే ఆగిపోతాయి. మీ రూటర్ తనంతట తాను 12కో 13కో జరిగి ఉంటుంది. ఛానెల్ 6 పెట్టగానే కనిపిస్తుంది.

అపోహ: “వీడియో కాల్ ఆగుతోంది, ప్లాన్ పెంచేద్దాం.”

వీడియో కాల్‌కు రానూపోనూ 3, 4 ఎంబీపీఎస్ చాలు. కావాల్సింది నిలకడ. దాన్ని కొలిచేది పింగ్, అంటే చిన్న సందేశం పంపి జవాబు వచ్చిందా, ఎంతసేపటికి వచ్చిందా అని చూడటం. ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, మొదట రూటర్ అడుగున స్టిక్కర్ మీదుండే నంబరుకు, ఎక్కువగా 192.168.1.1, వంద పింగ్‌లు కొట్టండి. తర్వాత బయట ఉండే గూగుల్ సర్వరు 8.8.8.8కు ఇంకో వంద. మొదటిదాంట్లోనే జవాబులు తప్పిపోతుంటే తప్పు ఇంట్లోని వైఫైది. మొదటిది శుభ్రంగా ఉండి రెండోదాంట్లో తప్పిపోతుంటే బయటి లైనుది. రెండూ బాగుండి వెబ్‌సైట్లు మాత్రం తెరుచుకోకుంటే వెబ్‌సైటు పేరును నంబరుగా మార్చే డీఎన్ఎస్ సెట్టింగు మార్చండి. “నెట్ స్లో” అని పెట్టే ఫిర్యాదు కంటే “లాన్ కేబుల్ మీద, రాత్రి 9 గంటలకు, వంద పింగ్‌లలో 12 పోయాయి” అనే ఫిర్యాదుకు మనిషి తొందరగా వస్తాడు.

కొంత ఆలస్యం మాత్రం ఎవరూ తీర్చలేరు. గాజులో వెలుతురు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. డల్లాస్ నేరుగా కొలిచినా సుమారు 15 వేల కిలోమీటర్లు. పోయి రావడానికే 150 మిల్లీసెకన్లు, కేబుల్ చుట్టుదారితో 200 దాటుతుంది. 2025 సెప్టెంబరులో జెడ్డా దగ్గర ఎర్రసముద్రంలో కేబుళ్లు తెగినప్పుడు పడమటి దిక్కు నెట్ మందగించింది. అలాంటి రోజు రూటర్‌ను ఆపి మళ్లీ వేసి ప్రయోజనం లేదు.

అపోహ: “ఇన్వర్టర్ ఉంది, రూటర్‌కు ఢోకా లేదు.”

కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటులో రూటర్ ఆగి మళ్లీ మొదలవుతుంది, మూడు నిమిషాలు కాల్ పోతుంది. ఇన్వర్టర్‌కు యూపీఎస్ అనే స్విచ్చు ఉంటే అటు తిప్పండి, లేదంటే 12 వోల్టుల మినీ యూపీఎస్ పెట్టండి. ఫైబర్ పెట్టె, రూటర్ వేర్వేరుగా ఉంటే రెండింటికీ కావాలి. రెండూ చెరో ఆంపియర్ తాగేవైతే ఆ మినీ యూపీఎస్ 2 ఆంపియర్లు ఇవ్వగలగాలి. అడాప్టర్ మార్చేటప్పుడూ ఇదే సూత్రం: వోల్టులు సరిగ్గా అవే ఉండాలి, ఆంపియర్లు అంతే ఉన్నా ఎక్కువున్నా సరే, తగ్గకూడదు, పిన్నులో ప్లస్ మైనస్ గుర్తు కలవాలి. రూటర్ సాయంత్రాల్లో తనంతట తాను ఆగి మొదలవుతుంటే, రూటర్‌కన్నా ముందు నీరసించిన ఆ అడాప్టర్‌ను అనుమానించండి.

అపోహ: “పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టినా కెమెరా అమెరికాలో కనిపించలేదు, కెమెరా చెడిపోయింది.”

పోర్ట్ ఫార్వర్డింగ్ అంటే బయటి నుంచి వచ్చే పిలుపును రూటర్ నేరుగా కెమెరాకు అందించడం. రూటర్ స్టేటస్ పేజీలో వాన్ ఐపీ (కంపెనీ మీ రూటర్‌కు ఇచ్చిన చిరునామా) చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే కంపెనీ ఒకే పబ్లిక్ ఐపీని చాలా ఇళ్లకు పంచుతోంది. బయటి నుంచి వచ్చే పిలుపు మీ గడప దాకా రాదు. కెమెరా కంపెనీ యాప్‌లోని క్లౌడ్ పద్ధతి వాడండి. అది వద్దనుకుంటే స్టాటిక్ ఐపీకి, అంటే మీ ఇంటికే సొంతమైన మారని చిరునామాకు, విడిగా డబ్బు కట్టాలి, అడిగేముందు నెలకా, ఏడాదికా అని తేల్చుకోండి.