వాన పడితే పేలని తుపాకులు, వాటికి చేసిన రిపేర్లు

1862 జనవరి 19, అమెరికా సివిల్ వార్ నడుస్తోంది, కెంటకీలోని మిల్ స్ప్రింగ్స్ దగ్గర తెల్లారేసరికి వాన. దక్షిణాది సైన్యంలో చాలామంది చేతుల్లో ఉన్నవి చెకుముకి తుపాకులు, అంటే తాతల కాలంనాటి సరుకు. ట్రిగ్గర్ నొక్కితే టక్ మని చప్పుడొస్తుంది తప్ప పేలదు. ఒళ్లు మండిన కొందరు సైనికులు వాటిని అక్కడే బాది విరగ్గొట్టేశారట. వాళ్ల జనరల్ జొలికాఫర్ ఆ రోజే చనిపోయాడు, ఆ పోరు కూడా ఓడిపోయారు (తుపాకుల వల్లే అని అనను గానీ అదీ ఒక కారణమే).

అసలు చెకుముకి తుపాకి ఎలా పనిచేస్తుందో చూస్తే వానంటే ఎందుకంత భయమో తెలుస్తుంది. సుత్తి కొనకి బిగించిన చెకుముకి రాయి ఉక్కు పలకని గీరుతుంది, నిప్పురవ్వలు కింద చిన్న పళ్లెంలో ఉన్న మందు మీద పడతాయి, అది భగ్గుమంటే ఆ మంట పక్క బెజ్జంలోంచి గొట్టంలోకి దూరి అసలు మందుని అంటిస్తుంది. ఇందులో పళ్లెంలో మందు తడిసినా, రాయి అరిగినా, బెజ్జం పూడుకున్నా కథ అంతే. 1834లో ఇంగ్లండ్‌లోని వులిచ్‌లో రెండు రకాలనీ చెరో 6,000 సార్లు పేల్చి చూస్తే చెకుముకివి 922 సార్లు మొండికేశాయి, కొత్త పెర్కషన్ రకం (రాయి లేకుండా సుత్తి దెబ్బకే మందు అంటుకునేది) మాత్రం 36 సార్లే.

ఈ కొత్త రకానికి మూలం ఫోర్సైత్ అనే స్కాట్లాండ్ పాస్టర్. పళ్లెంలో మంట కనపడగానే పక్షులు ఎగిరిపోతున్నాయని వేట పిచ్చి ఉన్న ఈయన, దెబ్బ తగిలితే పేలే ఫల్మినేట్ మందుని వాడి 1807లో పేటెంట్ తీసుకున్నాడు. తర్వాత అదే మందుని చిన్న రాగి క్యాపులో పెట్టి, గొట్టంలోకి మంట పోయే దారిగా బోలుగా ఉండే చిన్న మొనకి, అంటే నిపుల్‌కి తొడిగి, సుత్తితో కొట్టే పద్ధతి వచ్చింది. మందు క్యాపు కింద మూసి ఉంటుంది కాబట్టి వానకి అంత తేలిగ్గా తడవదు.

దీని విలువ మనవాళ్లకీ తెలిసొచ్చింది. 1841 మే 30న చైనాలో కాంటన్ దగ్గర, బ్రిటిష్ వాళ్ల తరఫున పోరాడుతున్న మద్రాసు నేటివ్ ఇన్‌ఫంట్రీ 37వ రెజిమెంట్‌లో ఒక దళం గాలివానలో దారి తప్పి వేలమంది జనం మధ్య చిక్కుకుపోయింది, చేతిలో చెకుముకి తుపాకులు, ఒక్కటీ సరిగ్గా పేలదు, బయొనెట్లతోనే కాచుకున్నారు. చివరికి పెర్కషన్ తుపాకులున్న రాయల్ మెరీన్లు వచ్చి కాల్పులు జరిపి బయటకి తెచ్చారు. మద్రాసు సైన్యంలో తెలుగువాళ్లు బోలెడుమంది ఉండేవాళ్లు కదా, అందుకే మనవాళ్లు అన్నాను.

ఇప్పుడు మళ్లీ అమెరికాకి. ఆయుధాగారాల్లో పాతవి లక్షల్లో మూలుగుతున్నాయి, గొట్టం బాగుంది, చెక్క బాగుంది, పాతబడింది నిప్పంటించే భాగం ఒక్కటే, మరి మొత్తం పారేయడం ఎందుకు? రాయి పట్టుకునే సుత్తి, ఉక్కు పలక, దాని స్ప్రింగ్, పళ్లెం పీకేసి కొత్త సుత్తి బిగిస్తారు. నిపుల్ ఎక్కడ పెట్టాలనేదే అసలు తలనొప్పి. అన్నిటికన్నా చవక పద్ధతి, పక్క బెజ్జాన్నే పెద్దది చేసి మర కోసి నిపుల్ ఉన్న చిన్న డ్రమ్ముని (గుండ్రటి లోహపు ముక్కని) బిగించడం, ఊళ్లో తుపాకులు బాగుచేసేవాడు కూడా చేసేయగలడు, కాకపోతే వాడగా వాడగా వదులైపోతుంది. ప్రభుత్వ ఆయుధాగారాలు 1840ల చివర్నుంచి ఎక్కువగా చేసింది ఇంకోటి, పాత బెజ్జం పూడ్చేసి గొట్టం పైభాగంలోనే రంధ్రం చేసి నిపుల్ బిగించడం. గట్టిదంటే మాత్రం గొట్టం వెనక కొస కోసేసి కొత్త ముక్క అతికించడమే, న్యూజెర్సీలో హ్యూస్ అండ్ ఫిలిప్స్ వాళ్లు యుద్ధం టైంలో ఇలాగే వేలల్లో చేశారు.

మేనార్డ్ అనే పళ్ల డాక్టర్ ఐడియా ఇంకా సరదాగా ఉంటుంది. మందు చుక్కలున్న కాగితం రీలు, సుత్తి ఎత్తినప్పుడల్లా ఒక చుక్క ముందుకొస్తుంది, అచ్చం దీపావళికి పిల్లలు కాల్చే రీలు తుపాకీ లాగే. పాత తుపాకులకి పెట్టడానికి 1854లో రెమింగ్టన్‌కి 20,000 లాక్‌లు (సుత్తి, స్ప్రింగులు ఉండే పేల్చే భాగం) ఆర్డరిచ్చారు కూడా. కానీ కాగితం కదా, చెమ్మకి మెత్తబడేది, 1861 మోడల్ నుంచి తీసేశారు.

ఒకటి గుర్తుంచుకోవాలి, రిపేరు చేస్తే నమ్మకంగా పేలుతుంది గానీ గురి పెరగదు, గొట్టం లోపల నున్నగానే ఉంది కాబట్టి వంద గజాలు దాటితే అదృష్టమే (కొన్నిటికి తర్వాత లోపల గాడులు కోశారనుకోండి).

ఇంకో చిక్కు కూడా ఉంది, నాకైతే ఇదే అసలు ఆసక్తికరం. చెకుముకి రాయి నేలలో దొరుకుతుంది, క్యాపుకి మాత్రం రాగి కావాలి, అందులో ఫల్మినేట్ మందుకి పాదరసం కావాలి, నైట్రిక్ యాసిడ్ కావాలి, ఇవన్నీ కలిపే ఫ్యాక్టరీ కావాలి. కొత్త పద్ధతి వద్దన్న పాత ఆఫీసర్లని అందరూ వెక్కిరిస్తారు గానీ వాళ్ల భయం పూర్తిగా తప్పేం కాదు. 1863 చివర్లో టెనెసీ రాగి గనులు చేజారాక దక్షిణాది వాళ్లు నార్త్ కరోలినాలో టర్పెంటైన్, బ్రాందీ కాచే రాగి బట్టీలు కూడా పోగుచేసి కరిగించారు, క్యాపులకి సరిపోవాలని కంచు ఫిరంగుల పోత ఆపేశారు, పాదరసం లేక పొటాషియం క్లోరేట్, యాంటిమనీ సల్ఫైడ్‌తో క్యాపులు చేసుకున్నారు.

ఇవాళ కలెక్టర్ల మార్కెట్‌లో చెకుముకి రూపంలో ఉన్నవాటికే ధర ఎక్కువ, అందుకని అప్పట్లో మార్చినవాటిని మళ్లీ పాత రూపంలోకి మార్చి అమ్మేవాళ్లు ఉన్నారు. కొనేవాళ్లు ముందు గొట్టం వెనక భాగంలో పూడ్చిన రంధ్రం ఆనవాళ్లు ఉన్నాయేమోనని వెతుకుతారు.