1098కి ఫోన్ చేస్తే తల్లిదండ్రులు జైలుకేనా? బాల్య వివాహాలు: అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని పర్లాకిమిడి చుట్టుపక్కల 12 ఏళ్లుగా పిల్లల సంరక్షణ పనిలో ఉన్నాను. వైశాఖం వచ్చిందంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్లే ఫోన్లు. ఎవరు చేసినా అడిగేది ఒకటే: "నేను చెప్తే మా బావని జైల్లో పెట్టేస్తారేటి?"

ఈ భయంతో నోరు మూసుకోవడం వల్లే మాకు ఎక్కువ పెళ్లిళ్లు అయిపోయాక తెలుస్తున్నాయి. ఫోన్ చేసినవాళ్ల పేరు మేం బయటపెట్టం. పెళ్లికి ముందే తెలిస్తే ఇంటికెళ్లి మాట్లాడతాం. పిల్లని బాలల సంక్షేమ కమిటీ ముందుకు తీసుకెళ్తాం. 18 నిండేదాకా పెళ్లి తలపెట్టబోమని పెద్దలచేత రాయించుకుంటాం. అప్పటికీ వినకపోతే మేజిస్ట్రేటు నుంచి నిషేధ ఉత్తర్వు తెస్తాం. 2006 నాటి బాల్య వివాహాల నిషేధ చట్టంలో 2 ఏళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా ఉన్నమాట నిజమే. పెళ్లి జరిపించేసినా, నిషేధ ఉత్తర్వుని కాదన్నా అది మెడకు చుట్టుకునేది. ఆడవాళ్లకైతే ఆ చట్టం కింద జైలుశిక్షే లేదు. ముందే చెప్పిన మనిషి బావని కాపాడినట్టే అమ్మా!

ఒక పిల్ల పిన్ని రాత్రి పదింటికి పెరట్లోంచి గుసగుసగా ఫోన్ చేసింది (ఆనవాళ్లు మార్చి రాస్తున్నాను). మర్నాడు వెళ్లేసరికి పందిరి రాట వేసేశారు. తండ్రి ఆధార్ తెచ్చి చూపించాడు. పుట్టిన తేదీ జనవరి 1, లెక్కకి 19 ఏళ్లు. బడి రిజిస్టర్ తీయిస్తే 16. ఆధార్ పుట్టిన తేదీకి రుజువు కాదని 2024లో సుప్రీంకోర్టే చెప్పింది. ముందు చూసేది బడి రికార్డు, జనన ధ్రువపత్రం.

ఆ తండ్రి కఠినుడు కాడు. మొగుడూ పెళ్లాలిద్దరూ చెన్నైలో బిల్డింగు పనికి పోతారు. "వయసొచ్చిన గుంటని ముసిల్దాని దగ్గరొదిలి ఎలా ఎల్లను బాబూ?" అన్నాడు. దానికి చట్టం చదివి వినిపిస్తే ఏం లాభం? నాలుగు రోజులు తిరిగి హాస్టల్ సీటు సంపాదించాం. గోరింటాకు ఇంకా ఎర్రగా ఉన్న చేత్తోనే పిల్ల దరఖాస్తు మీద సంతకం పెట్టింది.

ఇంకొన్ని అపోహలు. "పాతపట్నం వైపు వెళ్లి చేసేస్తే ఒడిశావాళ్లు ఏం చేస్తారు?" అది కేంద్ర చట్టం, ఆంధ్రాలోనూ అదే. మేం కబురు పెడితే శ్రీకాకుళం జిల్లావాళ్లు వస్తారు. "పిల్ల ఒప్పుకుంది": 18 లోపు ఆ ఒప్పుకోలు చెల్లదు. "తాళి పడిపోయింది, ఇంకేటి చేస్తాం": పిల్లకి 20 నిండేలోపు జిల్లా కోర్టులో పెళ్లి రద్దు కోరవచ్చు. బిడ్డ పుట్టినా ఆ బిడ్డ చట్టబద్ధ సంతానమే.

ఆ పిన్ని సంతలో ఎదురైతే నన్ను ఎరగనట్టే పోతుంది. నేనూ అంతే. ఫోన్ చేసిందెవరో ఆ ఇంట్లో ఈ రోజుకీ తెలీదు.